మార్కు జవాబుకే, మనిషికి కాదు

(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాసం)



గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు వినగానే మనకు వాడుక భాష గుర్తొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కానీ అన్నిటికన్నా ముందు ఆయన బడిపంతులు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉద్యోగంలో చేరారు. దాదాపు ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల పిల్లలకు సవర మాటల్లోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. సవరలుండే కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతింది.

ఇలాంటి మనిషి పేరు మీద మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు భాష గురించి కాకుండా మార్కుల గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు కాదనలేదు. వారికి కృతజ్ఞతలు. విషయం మారిందని మీరు అనుకోకండి. మారలేదని మొదటి భాగంలోనే చెబుతాను.

1

రాతలోనూ వాడుక భాషే ఉండాలన్న వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయంగా మనం పాఠం చెబుతాం. అది ఊపందుకున్న చోటు మాత్రం పరీక్ష హాలు. విశాఖపట్నం ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఏ. యేట్స్ దొర, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో రాయిస్తున్న తెలుగు ఇంకొకటి ఎందుకయ్యాయని అడిగాడు. ఆ ప్రశ్నను పట్టుకున్నవాళ్లు గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసరచనను గ్రాంథికంలో రాసినా వాడుకలో రాసినా ఒప్పుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. పండితులు లేచారు. జయంతి రామయ్య పంతులుగారు ముందు నిలిచారు. కమిటీ వేశారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. చివరికి ఉత్తర్వు వెనక్కి పోయింది.

అంత పెద్ద యుద్ధం దేనికి జరిగింది? పదిహేను పదహారేళ్ల పిల్లవాడు తనకు తెలిసిన విషయాన్ని తనకు వచ్చిన తెలుగులో రాస్తే మార్కు ఇవ్వాలా, వద్దా అన్నదానికి. విషయం తెలిసినా మాట తీరు నచ్చక మార్కు కోసేస్తే, ఆ మార్కు దేన్ని కొలిచినట్టు? ఆ పిల్లవాడు ఏ ఇంట్లో పుట్టాడో దాన్ని కొలిచినట్టు. గిడుగువారు ఇంకో అడుగు వేశారు. గ్రాంథికం రాయనివాళ్లను తప్పుపట్టే పండితుల రాతల్లోంచే వాళ్ల సొంత వ్యాకరణం ఒప్పుకోని ప్రయోగాలను ఏరి, గుట్టలుగా పోసి చూపించారు. దిద్దేవాడు తాను పాటించలేని నియమంతో పిల్లవాణ్ని శిక్షించకూడదన్నది ఆ పనిలో ఉన్న న్యాయం. నాకు తెలిసినంతలో తెలుగునాట మార్కుల న్యాయం గురించి జరిగిన తొలి పెద్ద పోరాటం అదే.

కాబట్టి ఈవేళ నేను చెప్పదలచింది ఆయన వదిలిన చోటి నుంచే మొదలవుతుంది. నా మాట ఇది: మార్కు జవాబుకు వెయ్యాలి, పిల్లవాడికి కాదు. పిల్లవాడి మీద మన చూపు ఉండాలి, అయితే ఆ చూపు వాడికి సాయంగా అందాలి తప్ప మార్కుగా మారకూడదు. ఈ రెంటినీ మనం ఒకే రిజిస్టరులో కలిపేశాం. అందుకే రెండూ చెడ్డాయి.

2

ఒకే జవాబుకు అందరూ ఒకే మార్కు వేస్తారన్న నమ్మకం మనలో బలంగా ఉంది. 1913లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు ఆ నమ్మకాన్ని పరీక్షించారు. ఒక విద్యార్థి రాసిన జామెట్రీ పేపరుకు నకళ్లు తీయించి వందమందికి పైగా లెక్కల టీచర్లకు పంపారు. వచ్చిన మార్కులు 28 నుంచి 95 దాకా ఉన్నాయి. వ్యాసరచన అయితే సరేలే అనుకోవచ్చు, ఇది జామెట్రీ. బొమ్మ శుభ్రంగా లేదని ఒకరు కోశారు, జవాబు వచ్చింది కదా అని ఇంకొకరు వేశారు. ఎవరూ దొంగతనం చేయలేదు. దేనికి ఎంత అన్నది ముందుగా ఎవరూ అనుకోలేదు, అంతే.

మన దేశంలో జరిగినది ఇంకా ఆలోచించదగ్గది. రేమా హన్నా, లీ లిండెన్ చేసిన అధ్యయనం 2012లో అచ్చయింది. పిల్లలు నిజంగా రాసిన పరీక్ష పత్రాలు తీసుకుని, వాటి మొదటి పేజీ మీద వయసు, ఆడో మగో, కులం అన్నవి లాటరీ పద్ధతిలో రాసి టీచర్లతో దిద్దించారు. లోపలి జవాబులకూ పైన రాసిన వివరాలకూ సంబంధమే లేదు. అయినా కింది కులం అని రాసిన పేపర్లకు మార్కులు తగ్గాయి. తేడా పెద్దదేం కాదు, ప్రామాణిక విచలనంలో నూటికి మూడు నుంచి ఎనిమిది వంతులు. దిద్దడం మొదలుపెట్టిన తొలి పేపర్లలో ఆ తేడా ఎక్కువగా ఉంది, పోనుపోను తగ్గింది. పై కులాల టీచర్లే ఇలా చేసి ఉంటారని మీరు అనుకుంటున్నట్టున్నారు. కాదు. తేడా ఎక్కువగా వచ్చింది కింది కులాల టీచర్ల చేతుల్లోనే. మనసు మంచిదైనంత మాత్రాన చెయ్యి నిష్పక్షపాతంగా ఉండదని దీన్నిబట్టి నాకు అర్థమైంది. దిద్దే పద్ధతే బాగుండాలి.

మీలో చాలామంది నాతో కలిసి శిక్షణ తరగతుల్లో చేసిన పనే ఒకటి చెబుతాను. సాంఘికశాస్త్రంలో నాలుగు మార్కుల ప్రశ్న: మీ ప్రాంతంలో చెరువులు పాడవడానికి కారణాలు రాయండి. దానికి ఒక జవాబు జిరాక్సు తీసి అందరికీ పంచుతాం. చేతిరాత వంకరటింకర. మాట తీరు ఇలా ఉంటుంది: చెరువుల పూడిక నిండింది, తీస్తలేరు, తూము పోయింది, మీదికెళ్లి వచ్చే కాల్వను ప్లాట్లు చేసిండ్రు, బోర్లు వేసినంక చెరువు దిక్కు ఎవలూ చూస్తలేరు. మొదటి విడత మార్కులు ఒకటి నుంచి నాలుగు దాకా వస్తాయి. వాక్యనిర్మాణం లేదని ఒకరు, పాఠంలోని మాటలు లేవని ఒకరు, పాయింట్లుగా రాయలేదని ఇంకొకరు కోస్తారు. అప్పుడు బోర్డు మీద రాస్తాం: సరైన కారణం ఒక్కోటికి ఒక మార్కు, భాషకు కోత లేదు. అదే జవాబును మళ్లీ దిద్దిస్తాం. ఈసారి దాదాపు అందరూ నాలుగే వేస్తారు. ఆ జవాబులో పూడిక ఉంది, తూము ఉంది, కాలువ ఆక్రమణ ఉంది, బోరుబావులు ఉన్నాయి. నీటిపారుదల శాఖ ఇంజనీరు చెప్పినా ఇంతకన్నా ఏం చెబుతారు?

ఇక్కడ గిడుగువారు మనతో పాటు కూర్చుని ఉన్నారనుకోండి, ఆయన రెండో విడత వరకూ ఆగేవారు కాదు.

3

ఇక అంతర్గత మార్కుల సంగతి. ఈ భాగం కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలని చెప్పింది. ఉద్దేశం ఉత్తమమైనది. మూడు గంటల పరీక్షలో ఏడాది చదువు కనపడదు, రోజూ చూసే టీచరుకు కనపడుతుంది. దాని నుంచే మన ఎఫ్.ఎ.లు (నిర్మాణాత్మక మూల్యాంకనాలు), ఎస్.ఎ.లు (సంగ్రహణాత్మక మూల్యాంకనాలు) వచ్చాయి. నిర్మాణాత్మక మూల్యాంకనానికి నాలుగు సాధనాలు పెట్టారు: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. పదో తరగతికి వచ్చేసరికి తెలంగాణలో 2014-15 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో ఆ తరవాత, 80 మార్కులు పబ్లిక్ పరీక్షకూ 20 మార్కులు ఈ అంతర్గత మూల్యాంకనానికీ పంచారు.

ఆ ఇరవై మార్కులు మార్కుల మెమో మీదికి ఎక్కిన రోజే సాధనం స్వభావం మారిపోయింది. అప్పటిదాకా పిల్లవాడికి ఏది రాలేదో తెలుసుకోవడానికి పెట్టిన పని, ఆ క్షణం నుంచి గ్రేడు సంపాదించే పని అయింది. పక్క బడివాళ్లు ఇరవైకి ఇరవై వేస్తుంటే నేను పధ్నాలుగు వేసి నా పిల్లల నోట మట్టి కొట్టాలా అని ఏ టీచరయినా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రిజిస్టర్లు తనిఖీ బృందం రాకముందు రాత్రి నిండేవి. ప్రాజెక్టు పని ఊళ్లోని జిరాక్సు సెంటర్లో రెడీమేడుగా దొరికేది. అడిగితే చెప్పగలిగిన పిల్లవాడికీ అట్ట మాత్రమే వేసుకొచ్చిన పిల్లవాడికీ అదే అయిదు మార్కులు.

కరోనా వచ్చి ఈ లెక్కను బయటపెట్టింది. పదో తరగతి పరీక్షలు రద్దయి, అంతర్గత మార్కులే ఆధారంగా గ్రేడ్లు ఇచ్చారు. తెలంగాణలో 2021లో సుమారు 5,21,000 మంది పిల్లల్లో 2,10,000 మందికి పైగా పదికి పది జి.పి.ఎ. వచ్చింది. అయిదుగురిలో ఇద్దరు! ఆ పిల్లలను నేను తప్పు పట్టడం లేదు. వాళ్లలో నిజంగా పదికి పది తెచ్చుకోగలిగినవాళ్లు వేలమంది ఉన్నారు. అన్యాయం జరిగింది వాళ్లకే. వాళ్ల పదికి విలువ లేకుండా పోయింది.

ప్రభుత్వాలు ఏం చేశాయి? ఆంధ్రప్రదేశ్ 2019లోనే ఆ 20 మార్కులు తీసేసి నూరు మార్కులకూ పబ్లిక్ పరీక్షే పెట్టింది. ప్రైవేటు బడులు ఇష్టం వచ్చినట్టు వేసుకుంటున్నాయన్నది కారణం. తెలంగాణ 2024 నవంబరులో తీసేస్తున్నామని ప్రకటించి, మరునాడే ఆ ఏడాదికి ఉంటాయని సవరించుకుంది. 2025-26లోనూ 80-20 పద్ధతే కొనసాగించింది. ఒకరు తీసేశారు, ఒకరు ఉంచారు. రెండు చోట్లా అసలు ప్రశ్న అలాగే ఉంది. తీసేసిన చోట మళ్లీ మూడు గంటల పరీక్షే సర్వస్వం అయింది. ఉంచిన చోట నిండు మార్కులు వేసే పోటీ ఆగలేదు.

టీచర్ల మార్కుల మీద నమ్మకం లేక లెక్కల సూత్రానికి అప్పగిస్తే ఏమవుతుందో ఇంగ్లండు 2020లో చూసింది. పరీక్షలు రద్దయ్యాక టీచర్లు అంచనా వేసిన ఎ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) గ్రేడ్లను అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ ఒక అల్గారిథంతో సరిచేసింది. బడి పాత ఫలితాలు ఆ సూత్రంలో ముఖ్యమైన అంశం. దాదాపు 40 శాతం గ్రేడ్లు టీచర్లు ఇచ్చినదానికన్నా తగ్గాయి. వెనకబడిన బడిలో బాగా చదివిన పిల్లలు తమ సీనియర్ల ఫలితాలకు బలయ్యారు. ఆగస్టు 13న ఫలితాలిచ్చి 17న వెనక్కి తీసుకున్నారు. పిల్లవాడి జవాబును వదిలేసి ఇంకేది కొలిచినా ఫలితం ఇంతే.

నా తీర్పు దాచను. తరగతిలో టీచరు గమనించింది అమూల్యం. దాన్ని మెమోలో అంకెగా మార్చకండి. మాటల్లో రాసి పిల్లవాడికీ తల్లిదండ్రులకూ ఇవ్వండి.

4

గమనించడం అన్నాను కాబట్టి కెమెరాల సంగతి మాట్లాడాలి.

పాత పద్ధతి మీ అందరికీ తెలుసు. సారు స్టాఫ్ రూముకి వెళుతూ క్లాసు లీడరు చేతికి సుద్దముక్క ఇస్తారు. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీదికి ఎక్కుతాయి. లీడరుకు ఇష్టమైనవాడు మాట్లాడినా పేరు ఎక్కదు, గిట్టనివాడు తుమ్మినా ఎక్కుతుంది. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. సారు వచ్చి ఏం మాట్లాడావని అడగరు, ఇంటూ మార్కులు లెక్కపెడతారు. పక్కవాడికి లెక్క అర్థం కాకపోతే చెప్పిన పిల్లది కూడా ఆ జాబితాలోనే ఉంటుంది.

ఇప్పుడు ఆ సుద్దముక్క యంత్రం చేతికి పోతోంది. ఢిల్లీ ప్రభుత్వం 2019లో బడుల తరగతి గదుల్లో సీసీ కెమెరాలు పెట్టి తల్లిదండ్రుల ఫోనుకు దృశ్యం పంపే పథకం మొదలుపెట్టింది. చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఒక మిడిల్ స్కూలు 2018లో 30 సెకన్లకోసారి పిల్లల ముఖాలను చదివే కెమెరాలు పెట్టింది. చదువుతున్నాడా, రాస్తున్నాడా, చెయ్యెత్తాడా, బల్ల మీద తల వాల్చాడా, ముఖంలో ఏ భావం ఉంది అని లెక్క కట్టింది. స్వీడన్‌లో షెలెఫ్టియో ఊళ్లో ఒక బడి 22 మంది పిల్లల హాజరు కోసం మూడు వారాలు ముఖ గుర్తింపు కెమెరా వాడి చూసింది. 2019లో ఆ దేశపు సమాచార రక్షణ సంస్థ 2,00,000 క్రోనార్ల జరిమానా వేసింది. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు కదా అంటే, బడి ముందు వాళ్లు కాదనే స్థితిలో లేరని చెప్పింది.

మన దగ్గర ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉపాధ్యాయులైన మీకే వచ్చింది. సిగ్నల్ లేని బడి ముందు ఫోను పైకెత్తి నిలబడ్డ అనుభవం ఈ హాలులో చాలామందికి ఉంది. మిమ్మల్ని నమ్మడం లేదని మీకు ఎలా అనిపించిందో, పిల్లవాడికీ అలాగే అనిపిస్తుంది. తెలంగాణలో ఆ పద్ధతి పిల్లల దాకా వచ్చింది.

చట్టం ఏం చెబుతోంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్ధెనిమిదేళ్ల లోపు పిల్లల ప్రవర్తనపై నిఘా పెట్టకూడదంది. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు మాత్రం విద్యా కార్యక్రమాలకూ పిల్లల భద్రతకూ అవసరమైన మేరకు బడులకు మినహాయింపు ఇచ్చాయి. ఆ అవసరమైన మేరకు అన్నది ఎంతో తేల్చాల్సింది ఇక మనమే.

గేటు దగ్గరా వరండాలోనూ భద్రత కోసం కెమెరా పెడితే నాకు అభ్యంతరం లేదు. తరగతి గదిలో పిల్లవాడి శ్రద్ధను కొలవడానికి పెడితే ఉంది. పత్తి ఏరే రోజుల్లో ఒక పిల్లది మధ్యాహ్నం క్లాసులో బల్ల మీద తల వాలుస్తుంది. కెమెరా దాన్ని అశ్రద్ధ అని రాస్తుంది. టీచరు దగ్గరకు వెళ్లి అమ్మా, పొద్దున తిన్నావా, చేను దగ్గరికి పోయి వచ్చావా అని అడుగుతారు. చూడటం రెండు చోట్లా ఒకటే. ఒకటి నమోదుతో ఆగిపోయింది, రెండోది ఆ పిల్ల దాకా వెళ్లింది. నా భయం ఏమిటంటే, ఎఫ్.ఎ.లో భాగస్వామ్యం అనే గడి ఖాళీగా ఉంది. ఈవేళ కాకపోతే రేపు ఎవరో ఒక కంపెనీవారు వచ్చి, ఆ గడిని మా కెమెరా నింపుతుంది, మీకు శ్రమ ఉండదు అంటారు. అలసిపోయిన మనం ఒప్పుకుంటాం. అప్పుడు తల వాల్చినందుకు ఆ పిల్లకు మార్కు పోతుంది. ఆమెకు పాఠం వచ్చో రాదో ఎవరూ అడగరు.

5

చివరి భాగం పనులకు సంబంధించినది, త్వరగా చెబుతాను.

పరీక్షకు ముందే దేనికి ఎన్ని మార్కులో పిల్లలకు బోర్డు మీద రాసి చూపించండి. దిద్దేటప్పుడు ఒక పిల్లవాడి పేపరు మొత్తం పూర్తిచేసి ఇంకోటి తీయకండి. అందరి మొదటి ప్రశ్న దిద్దాక అందరి రెండో ప్రశ్నకు వెళ్లండి. పేరున్న పేజీ మడిచి పెట్టండి. తొలి నాలుగైదు పేపర్లు మార్కులు వేయకుండా ఊరికే చదవండి, ఆ తరవాతే పెన్ను తీయండి. పక్క బడి టీచరుతో ఒక కట్ట మార్చుకుని దిద్దుకోండి. వీటిలో దేనికీ జీవో అక్కర్లేదు.

పబ్లిక్ పరీక్ష విషయంలో కావలసింది వేరు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు, తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నా వచ్చింది. ఆ ఫలితాల తరవాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైనవారందరి పేపర్లూ ఉచితంగా తిరిగి చూస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలోనూ తిరిగి దిద్దించినప్పుడు వేల పత్రాల్లో మార్కులు మారాయి. పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో ఎండాకాలం పంకా కింద రోజుకు నలభై పేపర్లు దిద్దే మనిషి పొరపాటు చేయడని ఎవరూ హామీ ఇవ్వలేరు. పొరపాటు బయటపడే దారి తెరిచి ఉండాలి. దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో చెప్పింది. అయినా పదో తరగతిలో ఒక సబ్జెక్టు తిరిగి పరిశీలించమని అడగాలంటే మన దగ్గర వెయ్యి రూపాయలు కట్టాలి. కూలికి వెళ్లే తల్లికి అది రెండు మూడు రోజుల సంపాదన. ఫెయిలైన ప్రతి పిల్లవాడికీ దిద్దిన పేపరు నకలు ఉచితంగా ఇవ్వాలని రెండు ప్రభుత్వాలనూ ఈ వేదిక నుంచి కోరుతున్నాను. ఈ సభ తీర్మానంగా పంపితే ఇంకా సంతోషిస్తాను.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క విన్నపం. మీరు ఈసారి ఎఫ్.ఎ. పేపర్లు ఇచ్చే రోజు ఆ పీరియడులో కొత్త పాఠం మొదలుపెట్టకండి. పేపర్లు పంచి, ఎవరికి ఏ మార్కు ఎందుకు పోయిందో అడగమని చెప్పి, నలభై అయిదు నిమిషాలూ జవాబు చెప్పండి. ఎవరైనా అడిగింది సరైతే, అందరి ముందే ఆ మార్కు దిద్ది సంతకం పెట్టండి.